మ్యాపులో లేని సిలువగట్టు

ఊళ్ళో చెత్త ఎక్కడెక్కడ పేరుకుంటుందో సిల్వియాకి తెలిసినట్టు పంచాయతీ ఆఫీసులో కుర్చీల్లో కూర్చునేవాళ్ళకి కూడా తెలియదు. చికెన్ కొట్ల వెనక ఈకల గుట్ట, కల్యాణ మండపం గోడవార ఎంగిలి విస్తళ్ళు, కూరగాయల మార్కెట్ దగ్గర కుళ్ళిన టమాటాలు, బస్టాండు వెనక తాగిపారేసిన కొబ్బరి బొండాలు. ప్రతిదాని దగ్గరా ముక్కుకి చున్నీ చుట్టుకుని నిలబడింది. ఫోనులో ఫొటో తీసింది. మ్యాపు మీద ఎర్ర చుక్క పెట్టింది. నాలుగు నెలలు తిరిగితే మూడొందల పన్నెండు చుక్కలు తేలాయి.

ఆ ఊరు చినలంకపేట. భీమడోలు దాటి కొల్లేటి వైపు దిగే దారిలో ఉంటుంది. మొన్నటిదాకా పంచాయతీ, ఇప్పుడు నగర పంచాయతీ. బోర్డు మారింది, చెత్త మారలేదు. దాన్ని ఒక దారిలో పెట్టాలని ఏలూరు నుంచి ఫణికిరణ్ అనే కుర్రాడు లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. డ్వాక్రా ఆడవాళ్ళలో చదువుకున్నవాళ్ళని ఎనిమిది మందిని ఏరి కూర్చోబెట్టాడు.

"ఇది అందరి మ్యాపండీ. ఏ ఒక్కరిదీ కాదు. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. ఏ ఇల్లు ఎక్కడుందో, చెత్త ఎక్కడ పడుతోందో మీరు గీసేయండి. ఏ ఆటో ఏ వీధికి వెళ్ళాలో, చెత్త లారీ ఎక్కడ ఆగాలో దాన్నిబట్టే తేలిపోతుంది. ఇంక ఎవరి సిఫార్సూ పనిచెయ్యదండి."

ఆ చివరి మాట సిల్వియా మనసుకి పట్టింది. పుట్టి బుద్ధెరిగాక సిఫార్సు లేకుండా జరిగిన పని ఒక్కటి కూడా ఆమె చూడలేదు.

ఎంతవరకు చదివారని అడిగితే ఇంటర్ అంది. పూర్తయిందని చెప్పలేదు, కాలేదనీ చెప్పలేదు. తాడేపల్లిగూడెంలో రెండో ఏడు సగంలో ఉండగా పెళ్ళి చేసేశారు. ఆ వెంటనే కడుపు. ఆమె మిగిలిన చదువంతా ఇప్పుడు రెండేళ్ళ జాయ్సీ రూపంలో చంకలో కూర్చుంది. ఆ పిల్లకి ఆయాసం. పొద్దున్నే పొగ లేస్తే చాలు, పక్కటెముకలు లోపలికి లాక్కుపోతూ ఈల వేసినట్టు ఊపిరి తీస్తుంది. ఏలూరు డాక్టరు మందులు రాసి, "చెత్త కాల్చే చోట ఉంచకండమ్మా" అన్నాడు. ఎక్కడ ఉంచాలో మాత్రం చెప్పలేదు.

వాళ్ళుండేది సిలువగట్టు మీద. కొల్లేటికి పోయే పెద్ద మురుక్కాలవ గట్టు అది. రోడ్డు దగ్గర మొదలై పావు కిలోమీటరు దాకా పోతుంది. గట్టు నిండా నిద్రగన్నేరు చెట్లు. వాటి కింద నలభై ఒక్క ఇళ్ళు, కొన్ని రేకులవి, కొన్ని తాటాకువి. ఆకాశం నుంచి తీసిన బొమ్మలో ఆ ఇళ్ళేవీ కనబడవు, పచ్చటి చెట్ల గుబుర్లే. చెత్త ఆటో ఆ గట్టెక్కదు. అందుకే ఎవరి చెత్త వాళ్ళు కాలవలోకి తోస్తారు, తోయనిది కాలుస్తారు. సిల్వియా ఈ పనిలో చేరిందే ఆటో తమ గట్టు ఎక్కాలని, ఆ మంటలు ఆగాలని.

సర్వే ఆఖరి రోజున సొంత వీధికి వచ్చింది. మొదటి ఇల్లు తనదే. ఫోను తీసేసరికి ఎదురుగా ఏసుబాబు నిలబడి ఉన్నాడు. చర్చిలో సంఘ పెద్ద. గట్టు మీద ఆయన మాటే మాట.

"ఏంటమ్మా అది?"

"మన ఇళ్ళు మ్యాపులో పెడుతున్నాను బాబాయి గారూ. పెడితే చెత్త ఆటో వస్తుందండి."

"ఆటో వస్తాది. దానెనకాల ఏం వస్తాదో?"

సిల్వియాకి అర్థం కాలేదు. అర్థమయ్యేట్టు చెప్పింది వరమ్మ. గట్టు ఆ చివరింట్లో ఒంటరిగా ఉంటుంది. సిల్వియా పనికి పోయిన నాలుగు నెలలూ జాయ్సీకి అన్నం పెట్టి, జోకొట్టి, నెబ్యులైజరు కూడా పట్టింది ఆమే. సిల్వియా ఆమెని పెద్దమ్మా అంటుంది.

"కొల్లేట్లో చేపల చెరువు గట్లు గవర్నమెంటోళ్ళు కొట్టేసిన ఏడు మేం ఆ గట్ల మీదే ఉన్నాం తల్లీ, కాపలా పనికి. పొక్లెయిన్ల కంటే ముందు నీలాంటి పిల్లలే వచ్చారు, మ్యాపులు చంకలో పెట్టుకుని. ఎండలో తిరుగుతున్నారని మజ్జిగిచ్చి కూర్చోబెట్టాను. మా ఇళ్ళు ఇయ్యి అని నేనే యేలు పెట్టి చూపించాను. నేనే!" వరమ్మ తన చూపుడువేలు పైకెత్తి తనే దానికేసి చూసుకుంది. "నెల తిరక్కుండా ఆ కాయితం చూసుకుంటా మా పాకలన్నీ పడగొట్టేశారు. కాయితంలో లేని పాక ఒకటి మర్చిపోయారు కూడా."

అప్పటినుంచి గట్టు వాళ్ళకి అదే అలవాటు. రేషన్ కార్డులూ ఓటు కార్డులూ ఇప్పటికీ పాత లంక ఊళ్ళ పేరు మీదే ఉన్నాయి. కరెంటు తీగ రోడ్డవతల చర్చి మీటరు నుంచి వస్తుంది. కొత్త మనిషి పుస్తకం పట్టుకుని గట్టెక్కితే ఆడవాళ్ళు తలుపులు వేసుకుని, "ఇక్కడెవరూ ఉండరండి, కూలికొచ్చాం" అంటారు.

"ఇది వేరండీ. చెత్త కోసం," అంది సిల్వియా.

"అన్నీ దేనికోసమో ఒకదాని కోసమే వస్తాయమ్మా," అన్నాడు ఏసుబాబు. "చూసినోడు మర్చిపోతాడు. రాసింది ఉండిపోద్ది."

వరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "మాటియ్యి తల్లీ. నా ఇల్లు గీయనని మాటియ్యి."

నాలుగు నెలలు పిల్లని చూసుకున్న చెయ్యి అది. సిల్వియా మాటిచ్చింది. ఇళ్ళు గీయలేదు. చెత్త ఉందంటే మనుషులున్నట్టే కాబట్టి ఎర్ర చుక్కలు కూడా పెట్టలేదు. ఊరంతా చికెన్ పాక్స్ పోసినట్టున్న ఆ మ్యాపులో సిలువగట్టు ఒక్కటే మచ్చ లేకుండా తెల్లగా మిగిలింది. ఆ సాయంత్రం వరమ్మ రొయ్యల వేపుడు చేసి పంపించింది.

రెండు నెలలయ్యాక ఒక పొద్దున సిల్వియా ఇంటి ఎదురుగా జేసీబీ ఆగింది. రోడ్డుకీ ఆమె గడపకీ మధ్యనున్న జాగాలో తుప్పలు పెరికి, మట్టి చదును చేసి, నాలుగు మూలలా ఎర్ర గుడ్డలు కట్టిన కర్రలు పాతారు. ఏంటని అడిగితే డ్రైవరు మర్యాదగానే చెప్పాడు.

"చెత్త పాయింటండీ. ఊళ్ళో ఆటోలన్నీ తెచ్చి ఇక్కడ పోస్తాయి. లారీ వచ్చి ఎత్తుకుపోద్ది."

"ఇక్కడ ఇళ్ళున్నాయి కదండీ!"

ఆయన ఇళ్ళకేసి చూశాడు, చేతిలో కాగితంకేసి చూశాడు. "కాయితంలో ఖాళీ అనుందండి."

సిల్వియా పిల్లని చంకనేసుకుని అలాగే ఆఫీసుకి నడిచింది. ఫణికిరణ్ ఆ రోజు అక్కడే ఉన్నాడు. పక్కన శానిటరీ ఇన్‌స్పెక్టర్ సత్తిరాజు టీలో బిస్కెట్ ముంచుకుంటున్నాడు.

"రండి రండి సిల్వియా గారూ," అని ఫణికిరణ్ లాప్‌టాప్ ఇటు తిప్పాడు. "మీ పని చూడండి ఎంత బాగా వచ్చిందో. ఇళ్ళకి వంద మీటర్ల లోపు పాయింటు ఉండకూడదని పెట్టి, రోడ్డుకి దగ్గరగా ఉండాలని పెట్టి వెతికితే, ఊరు మొత్తం మీద ఒక్కటే జాగా దొరికిందండి."

తెర మీద ఊరంతా ఎర్రగా ఉంది. తెల్లగా ఉన్న చోట ఆకుపచ్చ గుండ్రం గీసి ఉంది. సిల్వియా దాని మీద వేలు పెట్టింది.

"అది మా ఇంటి ముందండీ."

ఫణికిరణ్ నవ్వు ఆగిపోయింది. "అక్కడ ఇళ్ళున్నాయా? ఈ వార్డు సర్వే మీదేనండీ." ఏదో నొక్కాడు. పక్కన ఆమె పేరూ, తారీకూ వచ్చాయి. మ్యాపు తెరిచిన అందరికీ కనిపించే పేరు.

"ఎన్నున్నాయేంటి?" అన్నాడు సత్తిరాజు.

"నలభై ఒకటండి."

"పట్టాలున్నాయా?"

సిల్వియా పిల్లని చంక మార్చుకుంది.

"నేనూ రోజూ ఆ రోడ్డునే పోతానమ్మా. కళ్ళకి కనబడుతున్నాయి, కాయితంలో కనబడట్లా. నేను సంతకం పెట్టేది కాయితం మీద." ఆయన బిస్కెట్ టీలో విరిగి పడిపోయింది. దానికి పడ్డ బాధ ఆయన మొహంలో నిజంగానే కనిపించింది.

"పోనీ ఇప్పుడు గీసేయండి," అన్నాడు ఫణికిరణ్ నెమ్మదిగా. "మీ ఫోన్లోంచే. పది నిమిషాల పని. ఇళ్ళు కనబడితే పాయింటు దానంతటదే పక్కకి జరిగిపోతుందండి. నేనెవర్నీ అడగక్కర్లేదు."

ఆదివారం ఆరాధన అయ్యాక గట్టు వాళ్ళంతా చర్చి అరుగు మీద చేరారు. సిల్వియా అంతా చెప్పింది. ఆమె చెప్పడం అవ్వగానే రత్నమాణిక్యం లేచింది. ఆమె ఇల్లు సిల్వియా పక్కిల్లే.

"ఖాళీ అని రాసింది నువ్వే కదే?"

"మీరే కదండీ గీయొద్దన్నారు!"

"ఇళ్ళు గీయొద్దన్నాం. చెత్త తెచ్చి పొయ్యమన్నామా?"

"పైగా చదువుకున్న పిల్లవి. ఇది జరుగుద్దని నీకు తెలియద్దా?" అని ఇంకెవరో అన్నారు.

తెలియదు. మూడొందల పన్నెండు చుక్కలు పెట్టిన మనిషికి, చుక్క పెట్టని చోట ఏమవుతుందో తట్టనే లేదు. సిల్వియా తలదించుకుని జాయ్సీ గౌను అంచు మడతలు పెట్టుకుంటూ కూర్చుంది. "ఇప్పుడైనా గీద్దామండీ. అందరివీ," అంది.

ఏసుబాబు తల అడ్డంగా ఊపాడు. "కంపొస్తే ముక్కు మూసుకుంటాం. పొక్లెయిన్ వస్తే ఏం మూసుకుంటాం?"

కొందరు నవ్వారు. నవ్వు ఆగాక ఎవరూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. వరమ్మ మాత్రం వెళ్తూ వెళ్తూ సిల్వియా భుజం మీద చెయ్యేసి, "మాటిచ్చావు తల్లీ," అంది.

వారం తిరక్కుండా ఆటోలు రావడం మొదలైంది. పొద్దున ఎనిమిదింటికి మొదటిది, పన్నెండింటికి ఆఖరుది. ఊరు ఊరంతా తెచ్చి ఆమె గడప ముందు పోశారు. సాయంత్రానికి రావలసిన లారీ ఒకరోజు వచ్చింది, రెండు రోజులు రాలేదు. ఆ ఈకల గుట్ట, ఆ విస్తళ్ళు, ఆ టమాటాలు, ఏది ఏ సందుదో సిల్వియా గుర్తుపట్టగలదు. చినుకు పడితే ఆ రసం గడప దాకా పాకేది. తలుపు మూస్తే ఇంట్లో ఉక్క, తీస్తే ఈగలు. అన్నం తినే పిల్ల పెదాల మీద ఈగ వాలితే తోలడం, మళ్ళీ వాలితే మళ్ళీ తోలడం. అదే పని అయిపోయింది ఆమెకి.

నాలుగో రోజున జాయ్సీకి ఆయాసం ఎక్కువైంది. నెబ్యులైజరుకి లొంగలేదు. పెదాలు నల్లబడుతుంటే ఆమె భర్త బెంజమిన్ చేపల ప్యాకింగ్ షెడ్డు నుంచి ఐసు తడి బట్టలతోనే పరిగెత్తుకొచ్చాడు. ఏలూరు ఆసుపత్రిలో రెండు రోజులు ఆక్సిజన్ పెట్టారు. ఇంటికి పంపిస్తూ డాక్టరు మళ్ళీ అదే మాట అన్నాడు, ఈసారి కాస్త కోపంగా. "తల్లివి నువ్వే పట్టించుకోకపోతే ఎలాగమ్మా?"

బస్సులో పిల్ల ఒళ్ళో నిద్రపోతోంది. సిల్వియా దాని పొట్ట ఎగిరి పడటం లెక్కపెట్టుకుంటోంది. ముప్పై దాటితే మళ్ళీ మొదటినుంచి.

"మనిల్లు మనం గీసుకుందాం," అన్నాడు బెంజమిన్ ఉన్నట్టుండి.

"మాటిచ్చాను కదండీ."

"ఆళ్ళిల్లు గీయనని ఇచ్చావు. మనిల్లు మనిష్టం. ఒకేళ పొక్లెయిన్ వస్తే మనిల్లే పోద్ది. ఆళ్ళకేంటి నష్టం?"

ఎన్నివిధాల ఆలోచించినా అందులో తప్పేమీ కనబడలేదు. ఒక్క ఇల్లు కనబడినా వంద మీటర్ల లోపు పాయింటు ఉండదు. రోడ్డుకి దగ్గరగానే ఉండాలి కాబట్టి పాయింటు గట్టు మీంచే పోతుంది. పోతే అందరికీ మంచిదే, మాట తప్పినట్టూ కాదు, అపాయం వస్తే తనొక్కదానికే. బస్సు భీమడోలు రైలు గేటు దగ్గర ఆగినప్పుడు సిల్వియా ఫోను తీసింది. తెల్లటి గట్టు మీద, రోడ్డు వైపు కొసన, నాలుగు గీతలతో ఒక చిన్న పెట్టె గీసింది. ఇల్లు. మనుషులు ముగ్గురు. గేటు ఎత్తేలోపు పని అయిపోయింది.

మర్నాడే ఫణికిరణ్ ఫోన్ చేశాడు. "చూశానండి. ఒక్కటే పెట్టారు?"

"ఒక్కటి చాలదాండీ?"

"చాలండి, చాలు. రూలు రూలే. మార్చేస్తారు."

నిజంగానే మార్చారు. ఎనిమిదో రోజు పొద్దున జేసీబీ వచ్చి గుట్టంతా లారీకెత్తింది. సున్నమూ బ్లీచింగూ చల్లారు. సిల్వియా తలుపు బార్లా తీసి గుమ్మంలో నిలబడింది. ఎన్నాళ్ళకో ఇంట్లోకి గాలి వచ్చింది. ఊరంతా వినబడేలా పాట పాడెయ్యాలన్నంత ఆనందమేసింది. రత్నమాణిక్యం వాళ్ళింటివైపు చూసి నవ్వింది కూడా. రత్నమాణిక్యం నవ్వలేదు. ఆమె గట్టు లోపలికి చూస్తోంది.

జేసీబీ రోడ్డెక్కలేదు. చెట్ల కిందనుంచి గట్టు వెంబడే లోపలికి పోతోంది.

సిల్వియా చెప్పుల్లేకుండా దాని వెనకాల పరిగెత్తింది. గట్టు చివర, వరమ్మ ఇంటికి పది అడుగుల దూరంలో, ఎర్ర గుడ్డల కర్రలు అప్పటికే పాతి ఉన్నాయి. వరమ్మ గడప మీద కూర్చుని మందార మొక్కని జేసీబీ తొక్కేయడం చూస్తోంది.

సిల్వియా అక్కడినుంచే ఫోన్ చేసింది. "ఇదేంటండీ? గట్టు మీంచి తీసేస్తారనుకున్నాను!"

"మీ ఇంటికి దూరంగానే ఉందండి. నేను కొలిచాను కదా. రెండొందల ముప్పై మీటర్లు. రోడ్డుకి కాస్త దూరమే గానీ, ఊళ్ళో ఇంకో జాగా లేదండి." ఆ గొంతులో మోసం ఏమీ లేదు. మంచి పని చేసిన కుర్రాడి గొంతే. "అక్కడ ఇంకెవరైనా ఉన్నారా చెప్పండి. ఉంటే గీసేయండి."

ఫోను పెట్టేసి వరమ్మ ముందు గొంతుక్కూర్చుంది. "పెద్దమ్మా, నీ ఇల్లు గీసేస్తాను. ఒక్క నిమిషం. ఇదంతా తీసేస్తారు."

"తీసేసి ఎవరింటి ముందు పెడతారు?"

సిల్వియా వెనక్కి తిరిగి చూసింది. గట్టు మధ్యలో ఉన్న ఇళ్ళు ఆమె కళ్ళ ముందే ఉన్నాయి.

"నీ ఇల్లు గీసుకున్నావు. మంచిదే. పిల్లుంది కదా, నేనైనా అదే చేద్దును." వరమ్మ గొంతు చల్లగా ఉంది. "నన్ను మాత్రం గీయకు. ఒకసారి యేలు పెట్టి చూపించాను, చాలు."

"నేను ఇలా అవుతుందనుకోలేదు పెద్దమ్మా. నీ మీద..."

"తెలుసు. నువ్వేదీ అనుకోవు." వరమ్మ లేచి, లోపల దండెం మీదున్న జాయ్సీ గౌన్లు రెండు, సగం వాడిన దగ్గు మందు సీసా ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "రేపట్నుంచి దాన్నిక్కడికి తేకు. ఈ కంపులో దానికి ఊపిరాడదు."

ఆదివారం ప్రార్థనలో ఏసుబాబు జబ్బుగా ఉన్న పిల్లలందరి పేర్లూ చదివాడు. జాయ్సీ పేరు చదవలేదు.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి చెత్త ఆటో మైకులో పాట పెట్టుకుని మొట్టమొదటిసారి గట్టెక్కింది. పాట వినగానే రత్నమాణిక్యమూ, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళూ బకెట్లు పట్టుకుని బయటికొచ్చారు. ఆటో సిల్వియా ఇంటి ముందు ఆగింది. డ్రైవరు దిగి, మిగతావాళ్ళని చేత్తో ఆపాడు.

"మీ ఇళ్ళు నా లిస్టులో లేవండి. ఈ గట్టు మీద ఒక్క ఇల్లే చూపించింది." ఆయన సిల్వియా వైపు తిరిగాడు. "తడి చెత్త, పొడి చెత్త వేరు చేశారాండీ?"

చేసింది. రెండు బకెట్లు గుమ్మంలోనే ఉన్నాయి. ఆడవాళ్ళు నలుగురూ చూస్తూ నిలబడ్డారు. వెనక్కి తీసుకుపోదామంటే లోపల పిల్ల పడుకుని ఉంది. రెండు రోజులుగా ఈల శబ్దం రాకుండా పడుకుంటోంది. సిల్వియా ఎవరి మొహమూ చూడకుండా బకెట్లు అందించింది.

డ్రైవరు ఆటోలో వంచుకుని, ఖాళీ బకెట్లు తిరిగిచ్చి, ఫోనులో ఆమె ఇంటి మీద ఏదో నొక్కాడు. ఆటో మళ్ళీ పాట మొదలెట్టి ఎక్కడా ఆగకుండా గట్టు చివరికి పోయింది. సిల్వియా బకెట్లు పట్టుకుని అక్కడే నిలబడి ఉండగా, చెట్ల అవతల వరమ్మ ఇంటి ముందు ఆటో తొట్టె పైకి లేచి దబ్బున పడిన చప్పుడు వినిపించింది.